విదేశీయుల టేబుల్ దగ్గర నా కొలువు

పోలీసు ఉద్యోగం చేశానని తెలిస్తే చాలు, ఎవరైనా దొంగల కథలు చెప్పమంటారు. నా దగ్గర అవి తక్కువ. స్టేషన్లలో చేసిన కాలం కంటే, స్పెషల్ బ్రాంచిలో విదేశీయుల నమోదు చూసే టేబుల్ దగ్గర చేసిన కాలమే నాకు బాగా గుర్తుంది. ఈ మాట అంటే మా బామ్మర్ది ఇప్పటికీ నవ్వుతాడు. "నల్లగొండల, పాలమూరుల ఫారినర్లు యాడికెల్లి వస్తరు బావా? పానగల్ గుడి చూడనీకి వచ్చెటోళ్లా?"

గుడి చూసి వెళ్లిపోయేవాళ్లతో మాకు పని లేదు. ఉండిపోయేవాళ్లతోనే పని. గల్ఫ్‌లో పనిచేస్తూ అక్కడే పెళ్లి చేసుకుని మన ఊళ్లకు కోడళ్లయి వచ్చిన ఆడవాళ్లు, చలికాలం స్వెట్టర్లు అమ్ముకునే టిబెట్ కుటుంబాలు, కాలేజీల్లో చదివే ఆఫ్రికా పిల్లలు. వాళ్ల వీసా గడువు పొడిగించాలన్నా, ఈ దేశ పౌరసత్వం ఇవ్వాలన్నా, ముందు మేము ఇంటికి వెళ్లి విచారించాలి. వాళ్లు ఎవరో, ఎట్లా బతుకుతున్నారో చూసి రిపోర్టు రాయాలి. ఆ తర్వాత అది కలెక్టరేట్‌కూ, హైదరాబాద్‌కూ, ఢిల్లీకీ పోతుంది.

ఈమధ్య ఆ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు మా ఇంటికొచ్చారు. "సర్క్యులర్లన్నీ చదివినం సార్. అసలు పనేందో మీరు చెప్పుండ్రి" అన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. సర్క్యులర్లలో ఉన్నది మళ్లీ రాయను.

రజాక్ సారు

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను నల్లగొండలో ఆ టేబుల్ దగ్గర వేశారు. అప్పటిదాకా లా అండ్ ఆర్డర్‌లో ఉన్నవాణ్ణి. గొంతు పెద్దది, మీసం ఇంకా పెద్దది. మొదటి వారంలోనే సూడాన్ దేశపు విద్యార్థి ఒకడు వీసా పని మీద వచ్చాడు. నేను మామూలుగానే "పాస్‌పోర్ట్ ఏది?" అన్నాను. మామూలుగా అంటే స్టేషన్‌లో అడిగినట్టు. ఆ అబ్బాయి చేతిలోని సంచీ జారి కిందపడింది. అందులోంచి ఉల్లిగడ్డలు దొర్లి బీరువా కిందికి పోయాయి.

మా ఇన్‌స్పెక్టర్ రజాక్ సారు తన గదిలోంచి లేచి వచ్చాడు. ఆ అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి, తాను వంగి ఉల్లిగడ్డలు ఏరసాగాడు. ఇన్‌స్పెక్టర్ ఏరుతుంటే సబ్ ఇన్‌స్పెక్టర్ నిలబడి చూడలేడు కదా. నేనూ వంగాను. ఇద్దరం బీరువా పక్కన మోకాళ్ల మీద ఉండగా ఆయన మెల్లగా అన్నాడు.

"లింగయ్యా, గీ టేబుల్ కాడికి దొంగ రాడు. దొంగకు మన ఆఫీసు యాడుందో గూడ తెల్వదు. ఖానూన్ మీద భరోసా ఉన్నోడే మన దగ్గరికి వస్తడు. ముందు జర చాయ్ తాగిపియ్యి. సవాల్ తర్వాత అడుగు."

ఆ పిల్లగాడు చాయ్ తాగాక తన కాలేజీ గురించి, వాళ్లమ్మ గురించి, మన పచ్చి పులుసు తనకెంత నచ్చిందో దాని గురించి చెప్పాడు. నేను అడగాల్సిన ప్రశ్నలకు సగం జవాబులు అడగకుండానే వచ్చేశాయి. రజాక్ సారు దగ్గర రెండేళ్లు చేశాను. ఆయన గొంతు పెంచడం ఒక్కసారి కూడా వినలేదు. అయినా ఆయన దగ్గర ఎవరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. ఈ పనిలో అంతకంటే పెద్ద తెలివి నేను చూడలేదు.

ఒక్క టెంటు, రెండు జవాబులు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చలికాలంలో టిబెట్ వాళ్లు వరుసగా టెంట్లు వేసుకుని స్వెట్టర్లు అమ్ముతారు. వచ్చినప్పుడూ, పోయేటప్పుడూ మా దగ్గర చెప్పి పోవాలి. తాషి అనే పెద్దాయన చిన్నతనంలో హిమాలయాలు దాటి వచ్చిన శరణార్థి. ఏటా కూతురు డోల్మాతో వచ్చేవాడు. డోల్మా కర్ణాటకలోని వాళ్ల కాలనీలో పుట్టింది. ఆమె పుట్టిన ఏడాదిని బట్టి చట్ట ప్రకారం పుట్టుకతోనే ఈ దేశపు మనిషి. ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పారు.

"సార్, నేను ఇండియన్ అని రాయించుకోవాలె" అంది ఒకనాడు, నేనూ రజాక్ సారూ వాళ్ల టెంటుకు వెళ్లినప్పుడు. మన ఊళ్లలో తిరిగి తిరిగి ఆమెకు తెలుగు బాగా వచ్చింది. "నాలెక్క నా పిల్లలు గూడ ఏటేటా పోలీస్ ఆఫీసుల ముంగట నిలవడొద్దు."

పనిలో పనిగా తాషికి కూడా చెప్పాను. ఆయన పుట్టింది ఇక్కడ కాదు కాబట్టి దారి వేరే, పొడుగుది, కానీ ప్రయత్నం చేయవచ్చు అన్నాను. లాభాలన్నీ వరసగా చెప్పాను. ఇన్సూరెన్స్ ఏజెంటులా మాట్లాడానని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన ఒక స్వెట్టర్ మడతపెడుతూ అంతా ఓపికగా విన్నాడు.

"సాబ్, మీరు మంచిగ చూసుకుంటున్నరు. మీ ఉప్పు తిన్న. కానీ నేను మేమాన్‌గ, సుట్టం లెక్క వచ్చిన. మేమాన్ ఇంటికి పోవాలె. ఈ ఇల్లు నాదే అంటే, మరి నా ఇల్లు ఎవరిది?"

డోల్మాకు కోపం వచ్చింది. "ఆయనకు ఇల్లు గుర్తుంది సార్, పర్వతం గుర్తుంది. నాకేం గుర్తుంది? నాకు ఈ బజార్ గుర్తుంది."

నేను రజాక్ సారు వైపు చూశాను, ఎవరిది కరెక్టు అన్నట్టు. ఆయన ఇద్దరికీ తలూపాడు. ఆఫీసుకు వస్తూ, "పౌరసత్వం ఇయ్యాలంటే రెండు దిక్కుల మనసుండాలె భాయ్. తీసుకునెటోనికి గూడ ఉండాలె" అన్నాడు.

డోల్మాకు ఏ ఆఫీసులో ఏం అడగాలో చెప్పి పంపాం. మరుసటి చలికాలం ఆమె పాస్‌పోర్ట్‌తో వచ్చింది. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుంటే, తాషి దాన్ని తీసుకుని స్వెట్టర్లు కొనడానికి వచ్చిన వాళ్లందరికీ చూపించాడు. "నా బిడ్డ. ఇండియన్" అని. తన కార్డు మాత్రం పాతదే, శరణార్థిదే. దాన్ని ఎప్పటిలాగే నా చేతికిచ్చి ముద్ర వేయించుకున్నాడు.

కొత్తవాళ్లకు నా మాట ఇది. పౌరసత్వం మనం పంచే బహుమతి అనుకుని ఎవరి మీదా రుద్దకండి. వద్దన్న మనిషి మన దేశాన్ని తక్కువ చేసినట్టు కాదు.

ఫారినర్ ఆమెనే

నల్లగొండ నుంచి పాలమూరుకు బదిలీ అయ్యాక కొద్దిరోజులకే కుసుమ వచ్చింది. అయిదో నెల కడుపుతో ఉంది. చీర, బొట్టు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. ముందు గదిలో ఉండే కానిస్టేబుల్ కురుమూర్తి ఆమెను చూసి, "అమ్మా, ఇది ఫారినర్స్ సెక్షన్. ఆధార్ సెంటర్ ఎన్క సందుల ఉంది" అని పంపేశాడు. ఆమె మారుమాట్లాడకుండా వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె భర్త శీను చేయి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు.

"సార్, ఫారినర్ ఆమెనే."

కుసుమది శ్రీలంక. సముద్రం ఒడ్డున పల్లె, తండ్రి చేపలు పట్టేవాడు. ఆమె కొన్నాళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసి, తర్వాత ఇంటిపనికి కువైట్ వెళ్లింది. శీనుది ఆత్మకూరు పక్కన పల్లె, చేనేత కుటుంబం. మగ్గం మీద గిట్టుబాటు కాక కువైట్‌లో కారు డ్రైవరయ్యాడు. ఆమె పనిచేసే ఇంటి పక్కింట్లోనే అతను కారు నడిపేవాడు. ఇద్దరూ అరబ్బీలో మాట్లాడుకుని ప్రేమించుకున్నారు. ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చింది ఆ ఒక్క భాషే, అదీ వంటింటికీ కారుకూ సరిపడా మాత్రమే. శీను తండ్రి చనిపోయాక మగ్గం చూసుకోవడానికి పెళ్లాంతో ఊరికి వచ్చేశాడు.

పెళ్లి చేసుకోగానే పౌరసత్వం రాదు. ఏడేళ్లు ఇక్కడ కాపురం ఉండాలి. అందులోనూ దరఖాస్తు పెట్టే ముందు ఏడాది దేశం విడిచి కదలకూడదు. అప్పటిదాకా వీసా పొడిగించుకుంటూ ఉండాలి, పొడిగించిన ప్రతిసారీ మేము అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. ఎక్కడ పుట్టావు, ఎందుకొచ్చావు, భర్త ఎట్లా పరిచయం, అత్తతో ఎట్లా ఉంటావు, ఇంట్లో ఎవరు సంపాదిస్తారు, ఎవరితో ఫోన్లో మాట్లాడతావు. కన్నతల్లి కూడా అడగని ప్రశ్నలు మేం అడుగుతాం.

మొదటి విచారణకు వాళ్ల ఇంటికి వెళ్లాను. అత్తగారు అంజమ్మ గుంట మగ్గంలో, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేస్తోంది. నన్ను చూసినా పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె ఆపలేదు.

"కోడలు ఎట్లుంటదమ్మా?" అన్నాను.

"నన్నేం అడుగుతవ్ సారూ. ఆంజనేయుడు లంకకు పోయి సీతమ్మ జాడ పట్టుకొచ్చిండు. నా కొడుకు కువైట్ పోయి లంకనే పట్టుకొచ్చిండు."

ఊళ్లో పిల్లలు కూడా ఆమెను లంకమ్మ అనే పిలిచేవాళ్లు. అత్త ఆమె వండింది తినడం లేదని, వేరే పొయ్యి పెట్టుకుందని శీను బయటికొచ్చి చెప్పాడు. నేను అక్కడ ఉండగానే పడుగులో ఒక పోగు తెగింది. అంజమ్మ కళ్లు చికిలించి వెతికింది కానీ దొరకలేదు. కుసుమ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గుంట అంచున కూర్చుని, రెండు వేళ్లతో పోగు పట్టుకుని అతికి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అంజమ్మ వేలితో ఆ చోటును తడిమి చూసింది. రెండోసారి కూడా తడిమింది.

మరుసటేడు నేను వెళ్లేసరికి గుంటలో కుసుమ కూర్చుని ఉంది. అంజమ్మ అరుగు మీద మనవరాలిని ఒళ్లో వేసుకుని కండెలు చుడుతోంది. వేరే పొయ్యి కనిపించలేదు. నేను అడగకముందే ఆమే చెప్పింది.

"నా కోడలు పోగు అతికితే ముడి కనవడది సారూ. రాసుకో."

రాసుకున్నాను. అది రిపోర్టులో రాయదగ్గ మాట కాదని మా పై అధికారి కొట్టేశాడు. ఆయనకు మగ్గం సంగతి తెలియదు.

చనిపోయిన దరఖాస్తుదారు

కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆత్మకూరు కొత్త జిల్లాలోకి వెళ్లింది. నన్నూ, కురుమూర్తినీ ఆ కొత్త ఆఫీసుకే పంపారు. బల్లలు లేవు, బీరువాలు లేవు, పని మాత్రం పాతదే. రెండేళ్లయినా ఆఫీసు కుదురుకోలేదు. ఆ హడావుడిలో కుసుమ వీసా విచారణకు కురుమూర్తి వెళ్లాడు. మంచివాడే, కానీ ఎప్పుడూ తొందర. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ముసలాయన ఎండలో కూర్చుని ఉన్నాడు.

"తాతా, గీ ఇంట్ల లంకామె ఏది?"

"పొయ్యింది బిడ్డా."

అంటే ఆత్మకూరు సంతకు పోయింది. కురుమూర్తి ఎక్కడికి అని అడగలేదు. బండి స్టార్ట్ చేసుకుని వచ్చి, "దరఖాస్తుదారు పోయినట్లు ఇరుగుపొరుగు వారు తెలిపారు" అని రాసిచ్చాడు. నేను ఆ రోజు వేరే ఊళ్లో ఉన్నాను. ఆ వాక్యం పైకి పోయింది. పైన ఎవరో దాన్ని గంభీరంగా చదివి, మరణించినందున విచారణ ముగించడమైనది అని రాశారు.

నెల రోజుల తర్వాత కుసుమ ఆఫీసుకొచ్చింది. గడువు దగ్గర పడుతోందని ముందురోజు కనుక్కోవడానికి వస్తే ఎవరో ఈ సంగతి చెప్పారట. నా టేబుల్ ముందు నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. అప్పటికి ఆమె తెలుగు పూర్తిగా మా అంజమ్మ తెలుగైపోయింది.

"సారూ, నేను సచ్చిపోయిన్నంట గదా?"

నాకు ముందు నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూశాక ఆగిపోయింది. వీసా గడువు దాటితే ఆమె చట్టవిరుద్ధంగా ఉంటున్నట్టే. అన్నేళ్ల కాపురం లెక్కలోకి రాకపోవచ్చు, పంపించేయమనీ అనవచ్చు. ముందు రాత్రంతా అంజమ్మ ఏడ్చిందని శీను చెప్పాడు.

కురుమూర్తిని పిలిచాను. అతను ఆమెను చూశాడు, ఆమె అతన్ని చూసింది.

"తమ్ముడూ, నన్ను యాడ బొందవెట్టినవో జర చెప్పు, పోయి పూలన్న ఏసొస్త" అంది.

కురుమూర్తి ముఖం మాడిపోయింది. ఆ రోజే అతన్ని వెంటబెట్టుకుని కలెక్టరేట్‌కూ, హైదరాబాద్‌కూ తిరిగాను. బతికున్న మనిషి బతికుందని ఒప్పించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. గడువు లోపల పని జరిగింది. కురుమూర్తి ఆ తర్వాత గడప బయట నుంచి ఒక్క విచారణ కూడా చేయలేదు. మనిషిని కళ్లారా చూడందే వెనక్కి రాడు. ఇప్పుడు ఆ ఆఫీసులో అతనంత నమ్మకమైన మనిషి లేడు.

బాపును మళ్లీ అడగలేను

కదలకూడని ఆ చివరి ఏడాది సగంలో ఉండగా, శ్రీలంక నుంచి ఫోన్ వచ్చింది. కుసుమ తండ్రికి పక్షవాతం. అప్పుడు వాళ్ల దేశంలో మందులకూ, పెట్రోలుకూ కటకటగా ఉంది. దవాఖానకు తీసుకుపోవడానికి కూడా బండి దొరకడం లేదని కుసుమ చెల్లెలు ఏడ్చిందట.

చట్టంలో కొద్దిరోజుల మినహాయింపు ఉంది. కానీ అది మన హక్కు కాదు, ప్రభుత్వం కారణం చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఏడాది మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. తర్వాత పెట్టే దరఖాస్తు కూడా తిరిగి రావచ్చు.

ఏం చెప్పాలో తోచక మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. అప్పుడు ఒక మేడమ్ ఉండేది. తక్కువ మాట్లాడే మనిషి. అంతా విని అడిగింది.

"మీ నాన్నగారికి ఇట్లా అయితే మీరేం చేస్తారు లింగయ్య గారూ?"

"పోతాను మేడమ్."

"మరి ఆమెకు ఇంకో సలహా ఎందుకు? పోయి రమ్మనండి. ఎందుకు పోయిందో మనం గట్టిగా రాద్దాం. ఒప్పుకుంటారో లేదో మన చేతిలో లేదని కూడా చెప్పండి. దాచొద్దు."

నేను ఊరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. కుసుమ పాపకు జడ వేస్తూ వింది. జడ చివర రిబ్బన్ కట్టాక అంది.

"పోత సారూ. పౌరసత్వం మల్ల అడగొచ్చు, ఎన్నిసార్లన్న అడగొచ్చు. మా బాపును మల్ల అడగలేను గదా."

అంజమ్మ లోపలికి వెళ్లింది. మగ్గం మీద నుంచి కొత్తగా కోసిన పట్టుచీర తెచ్చి కుసుమ సంచీలో పెట్టింది. షావుకారుకు ఇవ్వాల్సిన చీర అది.

"మీ అమ్మకియ్యి" అంది. "లంకల అందరూ రాక్షసులే ఉంటరనుకున్న, తప్పు మాటన్న అని చెప్పు."

కుసుమ నవ్వుతూనే ఏడ్చింది. నేను గోడ మీది క్యాలెండర్ చదివినట్టు నటించాను.

ఆమె వెళ్లింది, తండ్రి దగ్గర ఉంది, మినహాయింపు దాటకుండా తిరిగొచ్చింది. తండ్రికి ఒక చేయి మళ్లీ ఆడుతోందని, ఆ చేత్తోనే చీర తడిమి చూశాడని చెప్పింది. మేడమ్ రాసిన కారణాన్ని పైన చదివారు. కొన్ని నెలలు ఆలస్యమైంది కానీ ఒప్పుకున్నారు. ఈ ఉద్యోగంలో నేను చూసిన మంచి పనుల్లో అది ఒకటి. దాన్ని చేసిన మేడమ్ మరునాటి నుంచి దాని గురించి ఒక్కమాట మాట్లాడలేదు.

నేను నమ్మను

దరఖాస్తు పైకి వెళ్లాక, కుసుమను ఒక ఆఫీసుకు స్వయంగా రమ్మన్నారు. ఆఫీసు పేరు వద్దు. అక్కడ కుర్ర అధికారి, చాలా చదువుకున్నవాడు, ఎక్కడా మోసపోకూడదని పట్టుదల ఉన్నవాడు. ఆ పట్టుదల తప్పు కాదు. కుసుమ, శీను, అంజమ్మ, నేను వెళ్లాం. ఆయన కుసుమను కూర్చోమన్నాడు.

"మీ స్వస్థలం ఏది?"

"లంక సార్. సముద్రం ఒడ్డుకే మా ఊరు. ఇగ ఇప్పుడైతే గీ ఆత్మకూరు కాడనే మా జాగ."

ఆయన తల ఎత్తాడు. ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. ఆమె అదే ధోరణిలో గలగలా చెప్పింది. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమండీ, ఈవిడ శ్రీలంక మనిషంటే నేను నమ్మను. ఆ యాస చూశారా? పుట్టి పెరిగితే తప్ప అట్లా రాదు. ఇక్కడి మనిషే, ఏదో మోసం ఉంది."

ఏడేళ్లు ఇక్కడి మనిషి కాదని అనుమానించాం. ఇప్పుడు ఇక్కడి మనిషని అనుమానం. ఆయన గొంతు తగ్గించాననుకున్నాడు కానీ అంజమ్మకు వినిపించింది. లేచి వచ్చి ఆయన టేబుల్ ముందు నిలబడింది.

"అయ్యా, నా కోడలు లంకదని ఊరంత నవ్వితే కొన్నేండ్లు తలకాయ ఎత్తుకోలే. ఇయ్యాల మీరొచ్చి లంకది కాదంటరా? గీ మాట అప్పుడే వచ్చి మా ఊర్ల చెప్పకపోతిరి సారూ."

గదిలో ఉన్న గుమాస్తా ముఖానికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అధికారి ఎర్రబడ్డాడు. తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. "ఈ మాట ఎక్కడ నేర్చుకున్నారు?" అని కుసుమను అడిగాడు.

"గీమెతోని పడీ పడీ నేర్చుకున్న సార్" అని అత్తను చూపించింది.

"శ్రీలంక భాషలో ఏమైనా మాట్లాడండి" అన్నాడాయన. ఆమె సింహళంలో గడగడా ఏదో చెప్పింది. ఏమన్నారని ఆయన అడిగితే, "మా అత్తకు ఆకలైతుంది, జల్ది ఇడిసిపెట్టుండ్రి అన్న" అంది. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. మనిషి తన ఊహలో ఉన్నట్టు లేకపోతే అబద్ధం అనుకునే వయసు ఆయనది. కొత్తగా చేరేవాళ్లలో సగం మంది అట్లాగే ఉంటారు. మంచి ఇంగ్లీషు మాట్లాడితే నమ్ముతారు, మన యాస మాట్లాడితే అనుమానిస్తారు. ఈ అలవాటు ఎంత తొందరగా మానుకుంటే అంత మంచిది.

ఏ దేశమూ కాని నెలలు

పౌరసత్వం ఇస్తామని అంగీకారం వచ్చాక, దేశానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేయాలి. పాత పౌరసత్వం వదులుకోవాలి. అది వదిలినట్టు రుజువు చూపాకే కొత్తది చేతికొస్తుంది. మధ్యలో కొన్ని నెలలు మనిషి అటూ కాదు, ఇటూ కాదు.

ప్రమాణానికి ముందు నెల రోజులు అంజమ్మ కుసుమ చేత ఆ వాక్యాలు వల్లె వేయించింది. అంజమ్మకు చదువు రాదు. మనవరాలు చదివితే అత్త విని, కోడలితో చెప్పించేది. విధేయత అనే మాట దగ్గర కుసుమ నాలుక మడత పడేది. ప్రమాణం రోజు అక్కడే ఒక్క క్షణం ఆగింది. వెనక వరసలో కూర్చున్న అంజమ్మ గొంతు పెద్దగా వినిపించింది: "విధేయత!" అధికారులు వెనక్కి తిరిగి చూశారు. కుసుమ నవ్వు ఆపుకుని, చివరిదాకా గట్టిగా చెప్పింది. కురుమూర్తి ఆ రోజు సెలవు పెట్టి, తన ఖర్చుతో మిఠాయి తెచ్చి పంచాడు. ఆమె అతని చేతి నుంచే మొదటి ముక్క తీసుకుంది.

పాత పాస్‌పోర్ట్ అప్పగించడానికి చెన్నైలోని వాళ్ల దేశపు ఆఫీసుకు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో రైల్లో ఆమె చాలాసేపు ఏడ్చిందని శీను చెప్పాడు. "నేనేం తప్పు చేసిన సార్? ఆమెనే కావాలన్నది గదా" అని కలవరపడ్డాడు. తప్పేమీ లేదని, ఏడవనివ్వమని చెప్పాను. పుట్టిన దేశం చేతిలోంచి పోతుంటే ఏడవని మనిషి, కొత్త దేశం వచ్చినా సంతోషపడదు.

ఆ నెలల్లో ఆమె వారానికోసారి ఫోన్ చేసేది. "సారూ, ఇయ్యాల ఎవరన్న నీది ఏ దేశం అని అడిగితే ఏం చెప్పాలె?" అనేది. చెప్పడానికి నా దగ్గర కొత్త కబురేమీ ఉండేది కాదు. అయినా ఫోన్ ఎత్తేవాణ్ణి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరూ ఎత్తండి. కబురు లేదని చెప్పడానికైనా ఎత్తండి.

నేను పదవీ విరమణ చేయడానికి కొద్దిరోజుల ముందు ఆమెకు పౌరసత్వం వచ్చింది. శాలువాలు, దండలు వేసి నన్ను సాగనంపినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఓటు

ఈమధ్య పంచాయతీ ఎన్నికల మరునాడు ఆత్మకూరు వైపు పెళ్లికి వెళ్లి, పనిలో పనిగా వాళ్ల ఇంటికి పోయాను. కుసుమ గుంటలోంచి లేచి వచ్చి, ఎడమ చేతి వేలు చూపించింది. సిరా గుర్తు ఇంకా నల్లగా ఉంది. మొదటి ఓటు. చీర అంచు తగిలి సిరా చెరిగిపోతుందేమోనని పొద్దంతా ఆ వేలు పైకెత్తే ఉంచిందని పాప చెప్పింది.

సర్పంచ్‌గా నిలబడ్డ ఇద్దరూ ఆ వీధివాళ్లే. ఒకాయన శీను దోస్తు. ఇంకొకామె అంజమ్మకు వరసకు చెల్లెలు. ఇల్లు రెండు పార్టీలై ఉంది. మొగుడూ అత్తా ఎవరికి వారే కుసుమ ఓటు తమకే పడిందని నాతో చెప్పారు.

ఉడకబెట్టి పోపు పెట్టిన గుడాలు తింటూ, ఉద్యోగంలో ఉన్న అలవాటు కొద్దీ అడిగాను. "ఎవరికేసినవమ్మా?"

కుసుమ నా వైపు చూసింది. మొగుణ్ణి చూసింది, అత్తను చూసింది.

"అది జెప్పొద్దంట సారూ."

"నాక్కూడనా?"

"మీక్కూడ. ఇన్నేండ్లు మీరు అడిగిందల్లా జెప్పిన. ఇది జెప్ప."

"రాత్రి సంది అడుగుతున్న సారూ, మతిపోతాంది" అంది అంజమ్మ. "అన్నం గూడ తినలే నేను. అయినా నోరిప్పుతలేదు."

కుసుమ నవ్వుతూ వెళ్లి గుంటలో కూర్చుని నాడె అందుకుంది. నేను మళ్లీ అడగలేదు.